దుష్టషట్కములో బలవంతుడెవరు?

1964లో న్యూయార్కు నగరములోని మార్వెల్ సంస్థ “అమేజింగ్ స్పైడర్‌మాన్” బొమ్మల కథలకు మొదటి వార్షిక సంచికను వెలువరించినది. పుటలు 72, వెల 25 సెంట్లు. రచన స్టాన్ లీ, చిత్రరచన స్టీవ్ డిట్కో. అంతకుముందు ఏడాదిన్నర కాలములో ఒక్కొక్కరుగా వచ్చి స్పైడర్‌మాన్ చేతిలో ఓడిపోయిన ఆరుగురు దుర్మార్గులు ఈ సంచికలో జట్టు కట్టినారు. ఆ జట్టునకు పెట్టిన పేరు సినిస్టర్ సిక్స్. తెలుగులో దుష్టషట్కమనవచ్చును. నాలుగు యాంత్రిక హస్తములుగల డాక్టర్ ఆక్టోపస్ దానికి నాయకుడు. పిడుగుపాటు తరువాత ఒంటిలో విద్యుత్తును నిలువ చేసికొనగల ఎలెక్ట్రో, దేహమును ఇసుకగా మార్చుకొనగల సాండ్‌మాన్, రెక్కల తొడుగుతో ఎగిరే ముసలివాడు వల్చర్, మూలికల రసము త్రాగి మృగబలము సంపాదించిన వేటగాడు క్రేవెన్, చలనచిత్రములకు కనికట్టు దృశ్యములు నిర్మించుటలో ఆరితేరిన మిస్టీరియో తక్కిన ఐదుగురు.

ఈ ఆరుగురిలో ఎవడు ఎక్కువ బలవంతుడన్న తగవు అరువదేండ్లు దాటినను తీరలేదు. ఆ రోజులలో బొమ్మల కథల పుస్తకముల చివర పాఠకుల ఉత్తరములు అచ్చువేసెడివారు. ఉత్తరము వ్రాసినవారి చిరునామా కూడ దానితోపాటు ఉండుటచేత, ఒక ఊరి అభిమాని మరొక ఊరి అభిమానితో నేరుగా వాదమునకు దిగుటకు వీలు కలిగినది. తరువాత ఇట్టి జట్లు ఎన్నియో వచ్చినవి, సభ్యులు మారినారు, 2021లో వచ్చిన “స్పైడర్‌మాన్: నో వే హోమ్” చలనచిత్రములో వీరిలో ముగ్గురు మరి ఇద్దరితో కలిసి తిరిగి కనిపించినారు. వాదము మాత్రము అదే. భీముడు గొప్పవాడా, కర్ణుడు గొప్పవాడా అని తెలుగు పల్లెలలో అరుగులమీద సాగిన వాదములను విన్నవారికి దీని ధోరణి కొత్తగా తోచదు.

దీనిని పిల్లల గోలయని కొట్టివేయుట న్యాయము కాదు. అభిమానుల వాదములో మెచ్చుకొనదగిన గుణమొకటి ఉన్నది. “నాకు అట్లు తోచుచున్నది” అన్న మాట అక్కడ చెల్లదు. ఏ సంచికలో, ఏ బొమ్మలో, ఎంత బరువు ఎత్తినాడు, ఎంత దెబ్బకు తట్టుకొనినాడు అని నిదర్శనము చూపవలెను. ఎదుటివాడు అదే బొమ్మను తీసికొని, “అతడు ఎత్తలేదు, పక్కకు ఒరగదోసినాడు” అని ఆక్షేపించును. సాక్ష్యము అడుగుట, సాక్ష్యమును శంకించుట ప్రయోగశాలలో నేర్పవలసిన అలవాట్లే. బడిలో రాని ఈ అలవాటు పదునాలుగేండ్ల పిల్లవానికి బొమ్మల కథవలన వచ్చినదన్నచో దానిని చిన్నచూపు చూడరాదు.

అయినను ఇంతకాలము వాదించి వారు ఒక నిర్ణయమునకు రాలేకపోవుటకు కారణము, అడిగిన ప్రశ్నలోనే ఉన్నది. ఇంగ్లీషులో “పవర్‌ఫుల్” అన్న ఒక్క మాటతో వారు మూడు వేరువేరు సంగతులను పట్టి కట్టివేయుచున్నారు. ఈ విషయములో తెలుగు పాఠ్యపుస్తకము చదివిన విద్యార్థికి ఒక సదుపాయము కలదు. అతనికి బలము వేరు, శక్తి వేరు, సామర్థ్యము వేరు. బలము న్యూటన్లలోను, శక్తి జౌళ్లలోను, సామర్థ్యము వాట్లలోను కొలువబడును. సెకనుకు ఎంత పని జరిగినదన్నదే సామర్థ్యము. మూడు కొలతలకు ముగ్గురు వేరువేరు విజేతలు రావచ్చును.

మొదట ఎలెక్ట్రోను తీసికొందురు గాక. అభిమానులు ఇతని పక్షమున సాధారణముగా చూపునది వోల్టుల సంఖ్య. ఇన్ని లక్షల వోల్టులు అనగానే ఎదుటివాడు జంకును. కాని వోల్టేజి ఒక్కటియే ప్రమాదమును చెప్పదు. కళాశాలలలో ఉండు వాన్ డి గ్రాఫ్ యంత్రపు గోళము లక్ష వోల్టులకు పైబడి పోగలదు. విద్యార్థిని పీటమీద నిలువబెట్టి ఆ గోళముపై చేయి వేయించినచో వెంట్రుకలు నిక్కబొడుచుకొనును, తరగతి నవ్వును, అంతకుమించి ఏమియు జరుగదు. అందులో నిలువయైన విద్యుదావేశము మిక్కిలి స్వల్పము. ఎంత ఆవేశము ప్రవహించినది, ఎంతసేపు ప్రవహించినది అన్న లెక్క లేకుండ వోల్టులను మాత్రము చెప్పుట, కొండ ఎత్తు చెప్పి దానిమీదనుండి పడు నీరు చెంబెడో ఏరంతయో చెప్పకపోవుట వంటిది.

పిడుగునే లెక్కకట్టి చూడవచ్చును. సగటు పిడుగులోని శక్తి సుమారు 100 కోట్ల జౌళ్లు. విద్యుచ్ఛక్తి బిల్లులో ఒక యూనిట్ అనగా 36 లక్షల జౌళ్లు. కాబట్టి పిడుగు విలువ సుమారు 280 యూనిట్లు. ఒక మధ్యతరగతి ఇంటికి ఒకటి, రెండు నెలల వాడకమునకు సరిపోవును. ఇంతేనా అని ఆశ్చర్యపడవలసిన పని లేదు. ఆ శక్తి సెకనులో అయిదవ వంతు కాలములో వెలువడినదనుకొన్నచో దాని సామర్థ్యము 500 కోట్ల వాట్లు, అనగా 5000 మెగావాట్లు. పెద్ద థర్మల్ విద్యుత్కేంద్రములు కొన్ని కలిసి ఇచ్చునంత. ఇప్పుడు క్రేవెనును చూడవలెను. మామూలు మనిషివలె రోజునకు 2500 కిలోకేలరీల ఆహారము తిన్నాడనుకొన్నను, అది సుమారు ఒక కోటి అయిదు లక్షల జౌళ్లు. తొంబదియైదు రోజులలో అతడు తిన్న తిండిలోని శక్తి ఒక పిడుగులోని శక్తికి సమానము. శక్తిలో ఇద్దరును ఒకటే. సామర్థ్యములో మాత్రము ఒకనిది 500 కోట్ల వాట్లు, రెండవవానిది సగటున 120 వాట్లు. “ఎలెక్ట్రోకు శక్తి ఎక్కువ” అన్నవాడు పొరపడినాడు. “ఎలెక్ట్రోకు సామర్థ్యము ఎక్కువ” అన్నవాడు సరిగా చెప్పినాడు. తెలుగులో ఇది ఒక మాట మార్పు. పరీక్షలో అయితే రెండు మార్కులు.

బలము మాట వచ్చినప్పుడు డాక్టర్ ఆక్టోపస్ పేరు ముందు వచ్చును. ఉక్కుచేతులతో మోటారు వాహనములను ఎత్తి విసరుట అతనికి మామూలు. ఇక్కడ అభిమానులు చేతుల బలమును లెక్కించి, ఆ చేతులు తగిలించిన మనిషిని మరచుచున్నారు. అతని బరువు 100 కిలోగ్రాములనుకొని, రెండు మీటర్ల ముందున్న 1000 కిలోగ్రాముల బరువును ఎత్తినాడనుకొందురు గాక. పాదములు ఆధారబిందువు. తులాదండ సూత్రము ప్రకారము ఆ బరువును నిలుపుటకు అతని దేహము 20 మీటర్లు వెనుక ఉండవలెను. లేనిచో బరువు లేవదు, అతడే ముందుకు బోర్లపడును. యంత్రము ఎంత బలమైనదైనను లాభము లేదు. ఈ చిక్కును విడదీసినది డిట్కో కుంచె. రెండు చేతులను కాళ్లవలె నేలపై ఊని, దేహమును గాలిలోనికి లేపి, మిగిలిన రెంటితో పనిచేయు ఆక్టోపస్ బొమ్మను గమనించినచో ఆధారము బరువునకు ముందువైపునకు జరిగినదని తెలియును. డిట్కో దానిని లెక్కకట్టి గీసినాడో, కంటికి సరిగా కనిపించునట్లు గీసినాడో, ఫలితము మాత్రము యంత్రశాస్త్రమునకు సరిపోయినది. ఎత్తిన టన్నులను లెక్కపెట్టువారు ఊనిన చేతులను లెక్కపెట్టరు.

వల్చరు సంగతి అంత అనుకూలముగా లేదు. అతని తొడుగు విద్యుదయస్కాంత బలముతో పనిచేయునని కథ. భూమి అయస్కాంత క్షేత్రమే దానికి ఆధారమనుకొన్నచో అతడు ఎగురలేడు. బెండుముక్కపై అయస్కాంత సూదిని నిలిపి నీటిపై వదలినచో అది ఉత్తర దక్షిణములకు తిరుగును గాని ఉత్తరమునకు పరుగెత్తదు. 1581లోనే రాబర్ట్ నార్మన్ అను ఆంగ్లేయుడు ఈ సంగతిని ప్రకటించినాడు. ఒకేరీతిగానున్న క్షేత్రము సూదిని త్రిప్పగలదు, లాగలేదు. రెక్కలను నమ్ముకొన్నను కష్టమే. 1979 జూన్ 12న బ్రయన్ ఆలెన్ తన కాళ్ల బలముతోనే “గోసమర్ ఆల్బట్రాస్” అను విమానమును త్రొక్కుచు ఇంగ్లీషు కాలువను దాటినాడు. ఆ విమానపు రెక్కల విస్తృతి దాదాపు 30 మీటర్లు, బరువు సుమారు 32 కిలోగ్రాములు. వల్చరు రెక్కలు అతని చేతులకంటె ఏమంత పొడవు కావు.

అన్నింటికంటె రుచికరమైనది సాండ్‌మాన్ వ్యవహారము. 1963 సెప్టెంబరు తేదీతో వచ్చిన నాలుగవ సంచికలో అతడు మొదటిసారి కనిపించినాడు. చెరనుండి పారిపోయి, అణుపరీక్షలు జరుగు సముద్రతీరమున దాగియుండగా వికిరణము సోకి ఇసుకమనిషియైనాడని కథ. అతడు స్పైడర్‌మాన్ చదువుకొనుచున్న హైస్కూలునకు పోయి, చదువకుండగనే తనకు డిప్లొమా ఇవ్వవలెనని ప్రధానోపాధ్యాయుని బెదరించును. (ఉపాధ్యాయ పాఠకులకు ఈ కోరిక అంత అద్భుతముగా తోచకపోవచ్చును.) చివరకు స్పైడర్‌మాన్ అతనిని ఒక పెద్ద వాక్యూమ్ క్లీనరులోనికి పీల్చి బంధించును. నేటి అభిమానులు ఈ ఘట్టమును తలచుకొని సిగ్గుపడుచుందురు. భవనములంత ఎత్తుకు పెరుగగల సాండ్‌మాన్ ఇల్లూడ్చు యంత్రమునకు లోబడుట హాస్యాస్పదమని, దానిని లెక్కలోనికి తీసికొనరాదని వారి వాదము.

లెక్క వేసినచో తలవంచుకొనవలసినది ఆ ఘట్టము కాదు. మనిషి బరువు 80 కిలోగ్రాములనుకొన్నచో అతడు ఆక్రమించు చోటు సుమారు 80 లీటర్లు. పొడి ఇసుక ఘనమీటరుకు సుమారు 1600 కిలోగ్రాములు తూగును. ద్రవ్యరాశి మారకుండ ఆ మనిషి ఇసుకయైనచో 50 లీటర్లు మాత్రమే అగును. అనగా పదిహేను లీటర్ల బక్కెట్లు మూడు నింపి కొంచెము మిగులును. కర్మాగారములలో వాడు వాక్యూమ్ క్లీనరు తొట్టిలో అది చక్కగా పట్టును. ఇక అతడు మూడురెట్లు ఎత్తు పెరిగినట్లు గీసిన బొమ్మల మాట. ఎత్తు మూడురెట్లయినచో ఘనపరిమాణము 27 రెట్లు. 2160 లీటర్ల ఇసుకకు దాదాపు మూడున్నర టన్నుల బరువు. 80 కిలోగ్రాములు పోగా మిగిలిన ఇసుక ఎక్కడనుండియో రావలెను. సముద్రతీరమున వచ్చినదన్నచో ఒప్పుకొనవచ్చును; మేడమీద వచ్చినదన్నచో ద్రవ్య నిత్యత్వ నియమమును ప్రక్కకు నెట్టవలెను. 1963 నాటి రచయితలు నవ్వించుటకు వ్రాసిన ఘట్టము లెక్కకు నిలిచినది. తరువాతివారు భయపెట్టుటకు వ్రాసినది నిలువలేదు.

ఇచ్చట ఇంకొక మాట చెప్పకతప్పదు. స్పైడర్‌మాన్‌కు, సాండ్‌మాన్‌కు, ఆక్టోపస్‌కు బలము వచ్చినది వికిరణమువలననే. వాయుమండలములో అణుపరీక్షలను నిషేధించు ఒడంబడికపై 1963 ఆగస్టు 5న మాస్కోలో సంతకములు జరిగినవి. నాలుగవ సంచిక ఆ రోజులనాటిదే. ఆనాటి భయమంతయు కథలోనికి వచ్చినది గాని తలక్రిందులుగా వచ్చినది. అయనీకరణము చేయు వికిరణము జీవకణములోని అణువులను విరుగగొట్టును, మోతాదు పెరిగినచో రక్తమును పుట్టించు మజ్జను చంపును. ఎవరికిని కండలు పెంచదు. ఆక్టోపస్ చేతులు ఎన్ని టన్నులు ఎత్తునని గంటలకొలది తర్కించు అభిమానులు ఈ మొదటి మెట్టును ప్రశ్నింపకుండ దాటిపోవుట వింతగానున్నది. కథకు ఒక అబద్ధము క్షమింపవచ్చును. అది అబద్ధమని పిల్లవానికి తెలిసియుండవలెను, అంతే.

సాక్ష్యమును వాడుకొను తీరులోను లోపము కలదు. డిట్కో 1966లో ఈ పత్రికను విడిచిపోయినాడు. ఆ తరువాత ఎందరో రచయితలు, చిత్రకారులు ఈ పాత్రలను నడిపించినారు. ఒకరు ఎలెక్ట్రోను చిల్లర దొంగగా, ఒకరు నగరమంతటి దీపములు ఆర్పగలవానిగా చూపినారు. అభిమాని తన కిష్టమైనవాని విషయములో అన్నింటికంటె పెద్ద ఘనకార్యమును ఏరుకొని, అదే అతని కొలత అనును. లోలకపు ఆవర్తన కాలమును పదిసార్లు కొలిచిన విద్యార్థి అందులో పెద్ద సంఖ్యను ఏరి వ్రాసినచో ఉపాధ్యాయుడు ఒప్పుకొనునా? సగటు ఏమి, చెదరుడు ఎంత అని అడుగును. పది చేతులు పది పరికరములతో కొలిచినవన్నచో, అసలు వీరందరు కొలిచినది ఒకే లోలకమునేనా అని కూడ అడుగును.

ప్రచురణకర్తలు ఈ తగవును తీర్చుటకు పూనుకొని మరింత చిక్కు చేసినారు. 1980 తరువాతి దశకములలో వచ్చిన అధికారిక సూచికలలో తొలుత ఎన్ని టన్నులు ఎత్తగలడన్నదానినిబట్టి బలమునకు తరగతులు పెట్టినారు. తరువాత తెలివి, బలము, వేగము, తట్టుకొను శక్తి, శక్తి ప్రసారము, పోరాట నైపుణ్యము అని ఆరు పద్దులు ఏర్పరచి ఒక్కొక్కదానికి 1 నుండి 7 వరకు అంకెలు వేసినారు. అంకెలు కనబడగానే అభిమానులు కూడుట మొదలుపెట్టినారు. ఎవని మొత్తము ఎక్కువయో వాడే బలవంతుడు!

ఈ కూడిక ఎందుకు చెల్లదో ఖనిజముల పాఠము చదివినవారికి తెలియును. 1812లో ఫ్రీడ్రిక్ మోస్ ఖనిజముల కాఠిన్యమునకు ఒక వరుస ఏర్పరచినాడు. బలపపురాయి 1, కురువిందము 9, వజ్రము 10. ఏది దేనిని గీయగలదో ఆ వరుసవలన తెలియును గాని ఎంత గట్టిదో తెలియదు. పరికరముతో కొలిచినచో వజ్రము కురువిందముకంటె సుమారు నాలుగు రెట్లు గట్టిది. అంకెలలో తేడా ఒకటే. ఇట్టి అంకె వరుసలో స్థానమును చెప్పును, పరిమాణమును చెప్పదు. వేగములో 3ను తెలివిలో 4ను కలిపి 7 అనుట, మూడవ అంతస్తును నాలుగవ తరగతిని కలిపినట్లుండును. ఆరు విషయముల మార్కులు కూడి ఒక్క ర్యాంకుగా గోడమీద అంటించు విద్యాలయములకు అభిమానులను తప్పుపట్టు అర్హత ఎంతమాత్రము కలదో ఉపాధ్యాయులే ఆలోచించవలెను.

అన్నింటికంటె లోతైన లోపము వేరొకటి. “ఆక్టోపసును ఎలెక్ట్రో ఓడించును, వల్చరును ఆక్టోపస్ ఓడించును, కాబట్టి వల్చరును ఎలెక్ట్రో తప్పక ఓడించును” అన్న తర్కము వారికి సహజముగా తోచును. పొడవులకు ఈ తర్కము చెల్లును, గెలుపులకు చెల్లనక్కరలేదు. బ్రాడ్లీ ఎఫ్రాన్ అను అమెరికను గణాంకశాస్త్రజ్ఞుడు నాలుగు పాచికలను కల్పించినాడు. 1970 డిసెంబరులో మార్టిన్ గార్డ్‌నర్ “సైంటిఫిక్ అమెరికన్” పత్రికలో వాటిని లోకమునకు తెలిపినాడు. మొదటి పాచిక ముఖములపై 4, 4, 4, 4, 0, 0. రెండవదానిపై అన్నియు 3. మూడవదానిపై 6, 6, 2, 2, 2, 2. నాలుగవదానిపై 5, 5, 5, 1, 1, 1. మొదటిది రెండవదానిని, రెండవది మూడవదానిని, మూడవది నాలుగవదానిని మూడింట రెండుపాళ్లు ఓడించును. నాలుగవది మొదటిదానిని అదే పాళ్లలో ఓడించును! అట్టముక్కలతో పాచికలు చేయించి తరగతిలో పిల్లలచేత వేయించి చూడవచ్చును. నాలుగింటిలో “మేటి పాచిక” ఏదియన్న ప్రశ్నకు జవాబు లేదు. ఎదుట ఏ పాచిక ఉన్నదని అడిగినప్పుడే జవాబు ఉన్నది.

దుష్టషట్కము అట్టిదే. ఎలెక్ట్రో ఎదుట ఉక్కుచేతులు అపాయకరములు, లోహము విద్యుద్వాహకము గనుక. ఎలెక్ట్రో ఎదుట పొడి ఇసుక బంధకము. అయితే నిజమైన పిడుగు ఇసుకతిన్నెపై పడినప్పుడు దాని దారిలోని ఇసుక కరగి సన్నని గాజుగొట్టమగును, వీటికి ఫల్గురైట్లని పేరు. తక్కిన తిన్నె చెక్కుచెదరదు. ఆ ఇద్దరి పోరు ఎటు తేలునో చెప్పుటకు తిన్నె ఎంతయో, తడి ఎంతయో తెలియవలెను. కొద్ది తడి ఇసుకకు బిగువునిచ్చును, పిల్లల ఇసుక గూళ్లు నిలుచుట దానివలననే. తడి మించినచో అదే ఇసుక జారిపోవును. నీరు సాండ్‌మాన్‌కు మిత్రమా, శత్రువా అన్నది మోతాదుమీద ఆధారపడియున్నది.

ఈ సంగతిని 1963, 1964 నాటి కథలు వాటి అభిమానులకంటె బాగుగా గ్రహించినవి. స్పైడర్‌మాన్ ఎలెక్ట్రోను తొమ్మిదవ సంచికలో ఓడించినది రబ్బరు తొడుగులు ధరించి, నీటిగొట్టము ఎక్కుపెట్టి. కుళాయినీటిలో కరిగిన లవణములవలన అది విద్యుత్తును పోనిచ్చును. గొట్టము పట్టుకొన్నవానిని రబ్బరు కాపాడును. రెండవ సంచికలో వల్చరును దింపినది అతని తొడుగు అయస్కాంతముతో నడచుచున్నదని ఊహించి చేసిన ఒక చిన్న పరికరము. జరాసంధుని చీల్చుట భీమునికి చాతనయ్యెను. చీల్చిన రెండు ముక్కలను తారుమారుగా విసరవలెనన్న సూచన మాత్రము కృష్ణునిది. ఆ ఒక్క సూచన లేనప్పుడు అదే భీముడు, అదే బలముతో, ఎన్నిసార్లు చీల్చినను ముక్కలు అతుక్కొనుచునే ఉండెను.

అభిమానుల పట్టికలలో క్రేవెన్, మిస్టీరియో తరచుగా అట్టడుగున ఉందురు. ఒకడు మూలికల మనిషి, ఒకడు కనికట్టువాడు. కాని 1987లో జె. ఎం. డిమాటీస్ రచించి మైక్ జెక్ చిత్రించిన “క్రేవెన్స్ లాస్ట్ హంట్”లో స్పైడర్‌మాన్‌ను చిత్తుగా ఓడించి, మత్తులో ముంచి, రెండు వారములు భూమిలో పాతిపెట్టినవాడు ఈ క్రేవెనే. 500 కోట్ల వాట్లకు సాధ్యము కాని పని 120 వాట్లవాడు చేసినాడు. అభిమానులు దీనికి వెంటనే అభ్యంతరము చెప్పుదురు: అది మత్తుమందు, అతని సొంత బలము కాదు గనుక లెక్కకు రాదని. ఆ అభ్యంతరమును అంగీకరించినచో రబ్బరు తొడుగులను, నీటిగొట్టమును, అయస్కాంత పరికరమును, ఆ వాక్యూమ్ క్లీనరును కూడ లెక్కనుండి తీసివేయవలసియుండును. అప్పుడు ఆ తొలి సంచికలలో స్పైడర్‌మాన్ గెలిచిన పోరాటములు ఎన్ని మిగులునో వారే లెక్కపెట్టుకొనవలెను.